సహ్యాద్రి కొండలు, బౌద్ధ గుహలు – గ్రామములకు ఒక పాఠము

యాత్రలు చేయుట మన గ్రామీణులకు క్రొత్త కాదు. తిరుపతికో, శ్రీశైలమునకో, కాశికో పోయి వచ్చినవారు ప్రతి ఊరిలోను ఉందురు. అయితే పంచాయతీ సభ్యుడు చేయు యాత్రకు మరియొక ప్రయోజనము కూడ ఉండవలెను. తాను చూచిన చోట నీటిని ఎట్లు నిలిపిరి, దారులు ఎట్లు వేసిరి, పూర్వులు విడిచిపోయిన సొత్తును ఎట్లు కాపాడుకొనుచున్నారు అని పరిశీలించి వచ్చినచో, ఆ యాత్రాఫలము ఊరందరకును దక్కును.

అట్టి పరిశీలనకు తగిన ప్రాంతము ముంబై, పుణే నగరముల నడుమనున్న సహ్యాద్రి పర్వతశ్రేణి. అక్కడ వేసవి విడుదులుగా పేరొందిన మాథేరాన్, ఖండాలా, లోనావాలా కలవు. వాటి చెంతనే రెండువేల యేండ్లనాటి బౌద్ధ గుహాలయములు కలవు. కొంతకాలము క్రిందట కొందరు పంచాయతీ సభ్యులతో కలిసి ఆ ప్రాంతమును దర్శించు అవకాశము నాకు కలిగినది. కార్లా గుహలో నిలిచి, అందలి స్తంభములను తలయెత్తి చూచుచు, వారిలో పెద్దవారొకరు, "అయ్యా, దీనిని ఏ రాజు కట్టించెను?" అని అడిగిరి. "ఒక్క రాజు కట్టించినది కాదండీ. పదిమంది చందాలిచ్చి చేయించినది" అని చెప్పితిని. "ఇంత పని చందాలతో అగునా? మా ఊరిలో చెరువు పూడిక తీయుటకే చందా రాలేదు" అని వారు ఆశ్చర్యపడిరి. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠము.

కొండ, దారి, గుహ

ముందుగా ఆ గుహలు అక్కడనే ఏల వెలసినవో తెలిసికొందము. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము అగ్నిపర్వత ద్రవము పొరలుపొరలుగా ప్రవహించి చల్లారి, దక్కను పీఠభూమిలో నల్లరాయిగా గట్టిపడినది. ఈ రాతిపొరలు మందముగాను, సమముగాను ఉండుటచేత శిల్పి కొండ అంచున ఉలి పెట్టి లోనికి తొలుచుకొని పోవుటకు వీలైనది. ఇది గుహగా పిలువబడుచున్నను స్వయముగా ఏర్పడిన బిలము కాదు. కప్పు, స్తంభము, గోడ, నేల అన్నియు ఒకే శిలనుండి మలచబడినవి.

రెండవ కారణము దారి. కొంకణతీరమున కల్యాణ్, సోపారా రేవులలో దిగిన సరకు, కనుమల మీదుగా దక్కనులోని పైఠన్, తేర్ మున్నగు పట్టణములకు చేరుచుండెను. ఎద్దులపై సరకు వేసికొని పోవు వర్తకులు ఈ కనుమలలో విశ్రమించుచుండిరి. వర్షాకాలము మూడునెలలు సంచారము మాని ఒకచోట ఉండవలెనని బౌద్ధ భిక్షువులకు నియమము గలదు. కావున దారికి దగ్గరగాను, ఊరి సందడికి ఎడముగాను ఉండు కొండపట్టులు వారి నివాసములైనవి. పూజకొరకు స్తూపమున్న మందిరమును చైత్యమనియు, భిక్షువులు వసించు గదుల సముదాయమును విహారమనియు అందురు.

కన్హేరి: కొండపై నీటిపొదుపు

ముంబై నగరపు ఉత్తరభాగమున, బోరివలీ చెంత, సంజయ్ గాంధీ జాతీయోద్యానవనములో కన్హేరి గుహలు ఉన్నవి. కృష్ణగిరి అను పేరే కన్హేరి అయినది. ఒకే కొండపై నూటికి పైగా గుహలున్నవి. క్రీస్తుశకారంభ కాలమునుండి సుమారు పది శతాబ్దులపాటు ఇక్కడ భిక్షువులు నివసించిరి.

పంచాయతీ సభ్యులు ఇచ్చట ముఖ్యముగా చూడవలసినది నీటి ఏర్పాటు. కొండపై బావి లేదు, ఏరు ఏడాది పొడవున పారదు. అయినను వందలమంది అక్కడ జీవించిరి. ఎట్లు? కొండవాలున పడిన వాననీరు వృథాగా పోకుండ రాతిలోనే సన్నని కాలువలు చెక్కి, ఇంచుమించు ప్రతి విహారము చెంతను తొలిచిన తొట్టిలోనికి మళ్లించిరి. నాలుగునెలల వాన మిగిలిన ఎనిమిదినెలల దాహమును తీర్చెను. కొన్ని తొట్లలో నేటికిని నీరు నిలుచుచున్నది.

నీటితొట్టి చేయించుట గొప్ప పుణ్యకార్యముగా వారు భావించిరి. శాతవాహన ప్రభువగు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి దేవేరి పేరు వచ్చు శాసనమొకటి ఇచ్చట కలదు. ఆమె శక మహాక్షత్రపుని కుమార్తె. శతేరకుడను అమాత్యుడు చేయించిన నీటితొట్టి విషయమున ఆ శాసనము వెలసినది. శాతవాహనులును, శకులును పరస్పరము యుద్ధములు చేసిన వంశములవారు. ఆ రెండు వంశముల సంబంధము మనకు తెలియుచున్నది ఒక నీటితొట్టిపై వ్రాసిన వ్రాతవలన!

మాథేరాన్: హద్దు గీచుకొన్న ఊరు

ముంబైనుండి పుణే పోవు రైలుమార్గమున నేరళ్ స్టేషనులో దిగి మాథేరాన్ పోవలెను. ఇది సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల ఎత్తున నున్న చిన్న ఊరు. 1850లో ఠాణా జిల్లా కలెక్టరుగా నుండిన హ్యూ మాలెట్ ఈ కొండనెక్కి, వేసవి విడిదికి తగినదని నిశ్చయించెను. సర్ ఆదంజీ పీర్‌భాయ్ కుటుంబమువారి పూనికతో 1907లో నేరళ్ నుండి కొండపైకి రెండడుగుల వెడల్పుగల చిన్న రైలుమార్గము వెలసినది. దీని పొడవు సుమారు 21 కిలోమీటర్లు. 2005 నాటి పెనువానలకు కొట్టుకొనిపోయిన ఈ మార్గమును బాగుచేసి 2007లో మరల నడిపించిరి.

మాథేరాన్ విశేషము అక్కడ ఉన్నదానియందు కాదు, లేనిదానియందు గలదు. ఊరిలోనికి మోటారు బండ్లు రారాదు. ఎంత గొప్పవారైనను ఊరి వెలుపల దస్తూరి వద్ద కారు దిగి పోవలసినదే. 2003లో కేంద్ర ప్రభుత్వము ఈ కొండను, పరిసరములను పర్యావరణ రక్షిత మండలముగా ప్రకటించినది. బండ్లు రానిచో యాత్రికులు రారని భయపడినవారు ఉందురు. కాని పొగ, రొద లేని ఆ నెమ్మదికొరకే జనము అక్కడికి పోవుచున్నారు.

ఈ నియమమునకు ఒక చీకటి కోణము కూడ నుండెను. మోటారు లేనందున మనుష్యులే రిక్షాలు లాగి తోటి మనుష్యులను కొండదారిలో మోయుచు వచ్చిరి. ఇది మానవ గౌరవమునకు తగదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, ఆరు మాసములలో ఆ పద్ధతిని మాన్పవలెననియు, రిక్షాలు లాగువారికి వేరు జీవనోపాధి చూపవలెననియు ఆదేశించినది. చెట్టును కాపాడు నియమము మనిషిని కూడ కాపాడవలెను. గ్రామమున ఏ కట్టుబాటు చేసినను, దాని బరువు ఎవరి భుజముపై పడుచున్నదో చూచుకొనుట పెద్దల విధి.

ఖండాలా, లోనావాలా: అందము, అపాయము

నేరళ్ దాటి కర్జత్ చేరిన పిమ్మట రైలు భోర్ కనుమ నెక్కును. 1863లో ఈ మార్గము పూర్తియైనది. సొరంగములు త్రవ్వుచు, వంతెనలు కట్టుచు వేలకొలది కూలీలు రోగములచేతను, ప్రమాదములచేతను అసువులు బాసిరి. గవాక్షమునుండి లోయల సొగసు చూచునపుడు వారిని స్మరింపవలెను.

కనుమ పైభాగమున ఖండాలాయు, దానికి ఆనుకొని లోనావాలాయు ఉన్నవి. లోనావాలా ముంబైకి రైలుమార్గమున 128 కిలోమీటర్లు, పుణేకు 64 కిలోమీటర్లు. ఎత్తు సుమారు 620 మీటర్లు. వర్షాకాలమున కొండలన్నియు పచ్చబడి, ప్రతి మలుపునను జలపాతము దుముకును. వేరుశనగలు, బెల్లము కలిపిన ఇక్కడి చిక్కీ ప్రసిద్ధమైనది. మన పల్లీపట్టీకి ఇది చుట్టము.

అందమున్న చోటనే అపాయమును పొంచియుండును. 2024 జూన్ 30వ తేదీన లోనావాలా వద్ద భూశీ ఆనకట్ట వెనుకనున్న జలపాతములో ఒకే కుటుంబమునకు చెందిన ఐదుగురు కొట్టుకొనిపోయి మరణించిరి. పైన ఎక్కడనో కురిసిన వానకు నీరు నిమిషములలో పెరుగును. క్రింద ఎండ కాయుచున్నంత మాత్రమున ధైర్యము పనికిరాదు. 2014 జూలై 30న పుణే జిల్లాలోని మాళీణ్ గ్రామముపై కొండచరియ విరిగిపడి 150 మందికి పైగా మరణించిరి. 2023 జూలై 19 రాత్రి రాయగఢ్ జిల్లాలో ఇర్శాల్‌వాడి అను గిరిజన పల్లె అట్లే మట్టిక్రింద పడినది. కొండవాలును ఇష్టము వచ్చినట్లు త్రవ్వుట, చెట్లు నరుకుట, వాన నీరు పోవు దారికి అడ్డుగా కట్టుట ఎంతటి నష్టమునకు దారితీయునో కొండప్రక్క గ్రామములవారు మరువరాదు.

భాజా: కొయ్యయింటికి రాతిరూపు

లోనావాలా తరువాతి స్టేషను మళవలీ. దానికి ఒకవైపున భాజా గుహలు, మరియొకవైపున కార్లా గుహలు ఉన్నవి. ముందు భాజా చూచుట మేలు, ఏలయన ఇది పాతది. ఇందలి 22 గుహలలో ప్రధానమైన చైత్యము క్రీ.పూ. 2వ శతాబ్ది నాటిది. ఇందు 27 స్తంభములున్నవి. అవి నిట్టనిలువుగా లేవు, కొంచెము లోనికి వాలియున్నవి. రాతిస్తంభమును వాల్చి చెక్కవలసిన అవసరమేమి? ఏమియు లేదు. కాని అప్పటి శిల్పులు అంతవరకు కట్టి యెరిగినవి కొయ్యయిండ్లు. కప్పు బరువుకు గుంజలు వెలికి పోకుండ లోనికి వంచి నాటుట వారి అలవాటు. ఆ అలవాటును రాతిలోను విడువలేదు. పూరియిల్లు కట్టి యెరిగిన మన రైతునకు ఈ సంగతి చెప్పనక్కరలేకయే బోధపడును. కప్పునకు నిజమైన కొయ్యవాసములను కూడ బిగించిరి.

దగ్గరనే 14 చిన్న స్తూపముల వరుస గలదు. వాటిలో కొన్నిటిపై భిక్షువుల పేర్లు చెక్కబడియున్నవి. ఇచ్చటను ఒక నీటితొట్టిపై దాత పేరున్నది. అతడు మహారఠి కోసికీపుత్ర విణ్హుదత్తుడు.

కార్లా: రాతిపై చందా లెక్క

కార్లా గుహకు మెట్లెక్కి పోవలెను. గుహద్వారము చెంతనే ఏకవీరాదేవి ఆలయమున్నది. ముంబై తీరపు కోలీ మత్స్యకారులకు ఆమె కులదేవత. ఒకే ఆవరణలో బౌద్ధ చైత్యమును, గ్రామదేవత గుడియు కలిసియున్నవి.

ఇచ్చటి చైత్యము మన దేశమునందలి గుహాచైత్యములన్నిటిలో పెద్దది. లోపలి పొడవు సుమారు 124 అడుగులు, వెడల్పు 45 అడుగులు, ఎత్తు 46 అడుగులు. ఇరుప్రక్కల పదిహేనేసి స్తంభములు, స్తూపము వెనుక ఏడు, మొత్తము 37 స్తంభములు వరుసతీరి యున్నవి. ప్రక్క స్తంభముల శిరస్సులపై ఏనుగుల నెక్కిన స్త్రీపురుషుల ప్రతిమలున్నవి. కప్పునందలి కొయ్యవాసములును, స్తూపముపైనున్న కొయ్యగొడుగును ఆనాటివే. ఇన్ని వానలకు, ఇన్ని వేసవులకు ఆ కొయ్య నిలిచియుండుట అద్భుతము.

దీనిని ఎవరు చేయించిరో గోడలు, స్తంభములే చెప్పుచున్నవి. బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చిన్నచిన్న శాసనములున్నవి. వైజయంతీ నగరమునకు చెందిన శ్రేష్ఠి భూతపాలుడు జంబూద్వీపమున ఉత్తమమైన ఈ శిలాగృహమును పూర్తిచేయించెనని ఒకటి చెప్పును. వైజయంతి యనగా నేటి కర్ణాటకములోని బనవాసి. ముందున్న సింహస్తంభము మహారఠి అగ్నిమిత్రణకుని దానము. ధేనుకాకటమను పట్టణమునుండి వచ్చిన సుగంధద్రవ్యముల వర్తకుడు సింహదత్తుడు ఒక ద్వారమును చేయించెను. ఆ పట్టణపు వడ్రంగి, వేణువాసుని కుమారుడు సామి మరియొక ద్వారమును చేసెను. అనేక స్తంభములపై "యవనుని దానము" అని యున్నది. పశ్చిమ దేశములనుండి వచ్చి స్థిరపడినవారిని యవనులనిరి. భిక్షుణి యొకరి దానమును గలదు. శ్రేష్ఠి పేరు వ్రాసిన రాతిమీదనే వడ్రంగి పేరును వ్రాసిరి. ఎవరు ఏమి ఇచ్చిరో, ఇచ్చినది ఎచ్చట వినియోగమైనదో చూచినవానికి వెంటనే తెలియును. ఇదియే మా పెద్దవారి ప్రశ్నకు మొదటి సమాధానము. లెక్క బహిరంగమైనచోట చందా పుట్టును.

రెండవ సమాధానము ఇంతకంటె ముఖ్యమైనది. కట్టుట ఒకనాటి పని. నడుపుట నిత్యము జరుగవలసిన పని. ఇచ్చటి భిక్షువుల పోషణకై శకరాజు నహపానుని అల్లుడు ఉషవదాతుడు కరజిక అను గ్రామమును దానము చేసెను. పిదప శాతవాహనులు నహపానుని ఓడించి ఈ దేశమును గెలుచుకొనిరి. శత్రువుల దానమని దానిని రద్దు చేసిరా? లేదు. మామాల ప్రాంతపు అమాత్యునకు వచ్చిన రాజాజ్ఞ యొకటి ఇచ్చట చెక్కబడియున్నది. అందు రాజు పేరు నిలువలేదు గాని గౌతమీపుత్ర శాతకర్ణి ఆజ్ఞయే యని పండితులు భావింతురు. అదే గ్రామమును అదే సంఘమునకు నిలిపి, రాజభటులు అందు ప్రవేశింపరాదని, ఉప్పు కొరకు త్రవ్వరాదని ఆ యాజ్ఞ శాసించినది. మామాలమే నేటి మావళ్ తాలూకా. ప్రభుత్వము మారెను గాని, మంచిపని ఆగలేదు. ఒక పాలకవర్గము మొదలుపెట్టిన బడిగోడను, మంచినీటి పథకమును తరువాతి పాలకవర్గము అడుగంటనిచ్చు ఊళ్లు ఈ శాసనమును రెండుమార్లు చదువవలెను.

ఈ ఉషవదాతుడే నాసిక్ గుహలలో మరియొక శాసనము వ్రాయించెను. 3000 కార్షాపణములను సాలెవారి శ్రేణులకు అప్పగించి, అందు 2000పై నెలకు నూటికి ఒకటి, 1000పై నూటికి ముప్పాతిక చొప్పున వడ్డీ ఏర్పరచి, ఆ వడ్డీతో భిక్షువులకు చీవరములు మొదలగునవి సమకూర్చవలెనని కట్టడి చేసెను. అసలు ఎన్నటికిని ముట్టరాదు. దీనికి అక్షయనీవి అని పేరు. ఈ సంగతిని పట్టణసభలో చాటించి, పలకలపై వ్రాయించిరి. నేటి గ్రామసభలో తీర్మానము చదివి వినిపించి, నోటీసుబోర్డుపై అంటించుట ఈ దేశమునకు పరాయి పద్ధతి కాదని దీనివలన తెలియుచున్నది.

మన కొండలు, మన బాధ్యత

ఇంత దూరము పోయి చూచిన దానిని మన యింటి చెంతను మరువరాదు. శాతవాహనుల పేరు కార్లాలో చదివినవారు అమరావతిలోను చదువవచ్చును. వాసిష్ఠీపుత్ర పులుమావి శాసనములు రెండు చోట్లను కలవు. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలము జీలకర్రగూడెము వద్ద గుంటుపల్లి గుహలున్నవి. అచ్చటి గుండ్రని చైత్యపు కప్పున, భాజాలో కొయ్యతో చేసిన వాసములను రాతిలోనే చెక్కిరి. అనకాపల్లి చెంత శంకరము గ్రామమున బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నవి. కొండనే చెక్కి వరుసలుగా స్తూపములు తీర్చిరి. విశాఖనుండి అరకు, అనంతగిరి పోవువారు ఒకపూట మిగిల్చినచో దీనిని చూడవచ్చును.

బొజ్జన్నకొండ విషయమున ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. బుద్ధుని కొండ యన్నది జనుల నోట బొజ్జన్నకొండ యైనది. కాలక్రమమున అది ఎవరిదో మరచి, అందొక రాక్షసుడున్నాడను నమ్మకముతో కనుమనాడు తిరునాళ్లకు వచ్చినవారు దానిపై రాళ్లు రువ్వు అలవాటు చాలకాలము సాగినది. అధికారులును, చరిత్రాభిమానులును నచ్చజెప్పి దానిని మాన్పింప యత్నించిరి. రాళ్లు రువ్వినవారు దుర్మార్గులు కారు. తమ ఊరి సొత్తు ఏమిటో వారికి ఎవరును చెప్పలేదు. చెప్పవలసినవారిలో పంచాయతీ మొదటిది.

చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగా నున్నది. ప్రాచీన కట్టడముల రక్షణకై 1958లో కేంద్రశాసనము వచ్చినది. 2010 సవరణ ప్రకారము, కేంద్రము రక్షించు కట్టడమునకు నూరు మీటర్లలోపు క్రొత్త నిర్మాణము నిషేధము. ఆపై రెండువందల మీటర్లవరకు అనుమతి పొందినగాని కట్టరాదు. కట్టడమును పాడుచేసినవారికి రెండేండ్లవరకు ఖైదు, లేదా లక్ష రూపాయలవరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. ఎవరో బొగ్గుతో తమ పేరు వ్రాసికొనుట కూడ చిన్న తప్పు కాదు.

పోవువారికి కొన్ని సూచనలు

1. కార్లా, భాజా చూచుటకు అక్టోబరు మొదలు ఫిబ్రవరి వరకు అనుకూలము. వర్షాకాలమున పోయినచో జారు మెట్లపైనను, జలపాతముల వద్దను మిక్కిలి జాగ్రత్త వహింపవలెను.

2. కన్హేరి ఉన్న ఉద్యానవనమునకు సోమవారము సెలవు. ప్రయాణపు పట్టిక వేసికొనునపుడు గమనింపుడు.

3. ఉదయమే కొండ నెక్కుడు. వృద్ధులు ఉన్నచో భాజా, కార్లా ఒకే పూటలో పెట్టకుడు.

4. నీటిసీసాలు, తినుబండారముల కాగితములు తిరిగి క్రిందికి తెచ్చివేయుడు. శిల్పములను తాకకుడు, గుహలలో నిప్పు వెలిగింపకుడు.

5. స్థానిక పంచాయతీ కార్యాలయమునకు ఒకసారి పోయి, యాత్రికుల వలన ఊరికి వచ్చు రాబడి ఎంత, చెత్తకు, నీటికి అగు ఖర్చు ఎంత అని అడిగి తెలిసికొనుడు. గుహలకంటె ఎక్కువ ఉపయోగపడు పాఠము అదే కావచ్చును.

తిరుగు ప్రయాణమున రైలులో మా పెద్దవారు చాలసేపు మౌనముగా నుండి, "చెరువు పూడికకు మరల చందా పట్టెదము. ఈసారి ఇచ్చినవారి పేర్లు, ఖర్చు వివరములు తూము గోడమీద వ్రాయింతము. వేయి ఇచ్చినవానిది, పది ఇచ్చినవానిది ఒకే అక్షరములతో వ్రాయింతము" అనిరి. కార్లా శిల్పులు ఆయనకు చెప్పినది అదియే.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామపరిధిలో పాతదిబ్బ, శాసనము, శిథిలాలయము, కోనేరు ఏవైన కలవా? వాటి జాబితా పంచాయతీ వద్ద ఉన్నదా?

2. వాననీరు ఊరిలో ఎచ్చట పడి ఎచ్చటికి పోవుచున్నది? కన్హేరి భిక్షువులవలె మనము నిలుపుకొనగల చోట్లు ఏవి?

3. గత పాలకవర్గము మొదలుపెట్టి విడిచిన మంచిపని ఏది? దానిని పూర్తిచేయుటకు ఆటంకమేమి?

4. ప్రజలనుండి తీసికొన్న ప్రతి రూపాయి లెక్కను చదువురానివారికి కూడ తెలియునట్లు ఎట్లు చాటవచ్చును?